అమ్మ ఆపేసిన పాట కోసం మెదక్‌కు

మా అమ్మ లక్ష్మమ్మకు ఒక పీరీల పాట వచ్చు. మొహర్రం నెలలో పీరీలను, అంటే రంగు గుడ్డలు చుట్టిన ఇత్తడి పంజాలను, నిలిపినప్పుడు మెదక్ వైపు ఆడవాళ్ళు పాడే పాట అది. మేము పద్మశాలీలం. అయినా మా ఇంట్లో జోలపాట అదే. కర్బలా ఎడారిలో దాహంతో అల్లాడుతున్న చిన్నపిల్ల, ప్రవక్త మనవడు హుస్సేన్ బిడ్డ సకీనా, వాళ్ళమ్మను అడుగుతూ ఉంటుంది. "ఏరు ఎంత దూరమే అమ్మా, నీళ్ళు ఎప్పుడొస్తయే అమ్మా?" ఒక్కొక్క ప్రశ్న పాడి అమ్మ కాసేపు ఆగేది. మరిచిపోయిందేమో అనుకునేదాన్ని. చివరికి "నీళ్ళకని పోయిన చిన్నాయిన, ఎప్పుడొస్తడే అమ్మా?" అని పాడి, అక్కడితో ఆపేసి, లేచి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చేది. చిన్నాయన వచ్చాడా లేదా చెప్పమని నేను గొడవ పెట్టేదాన్ని. "తాగుమన్న కదా, తాగి పండు" అని కసిరేది.

పోయిన శ్రావణంలో అమ్మ పోయింది. చిన్నాయన సంగతి తేలనే లేదు. పుస్తకాలు తిరగేస్తే ఆ చిన్నాయన పేరు అబ్బాస్ అనీ, నీళ్ళ కోసం వెళ్ళి ఏటి ఒడ్డునే ప్రాణం విడిచాడనీ తెలిసింది. తెలిస్తే మాత్రం ఏం? నాకు కావాల్సింది మా అమ్మ పాటలో ఏమైందన్నది. అమ్మ పాత నోటుబుక్కులో "ఖాజాబీ, మెదక్" అని ఒక నంబరు దొరికింది. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని బీడీలు చేసేవాళ్ళట. ఫోన్ చేస్తే, పీరీలు నిలబెట్టినంకనే రమ్మని, పాట అప్పుడేనని చెప్పి పెట్టేసింది.

అలా మొహర్రం ఏడో రోజు, గురువారం, పొద్దున ఆరూ నలభైకి బాలానగర్‌లో మెదక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఏడూ యాభైకి నర్సాపూర్. పది నిమిషాలు ఆగుతుందంటే దిగి నాలుగు ఇడ్లీలు తిని, ఒక నీళ్ళ సీసా కొనుక్కున్నాను. తిరిగి ఎక్కేసరికి నా పక్కన ఒకామె కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర విత్తనాల సంచి. "జర ఇయ్యక్కా" అంటూనే నా ఒళ్ళోని సీసా అందుకుని సగం ఎత్తేసింది. నేను ఇంకా మూత కూడా తీయలేదు! ఒళ్ళు మండింది.

మనిషి మాత్రం మంచిదే. ఎందుకు పోతున్నానో కూపీ లాగింది. పాట కోసమైతే ఫోన్లో దొరకదా అని నవ్వింది. వెతికాను, దొరకలేదన్నాను.

"మా ఊర్ల గూడ పీరీలు నిలబెడ్తరక్కా. మొక్కితె పుట్టిండని మా అత్త మా ఆయనకు పీరయ్య అనే పేరు పెట్టింది" అని చెప్పి, కౌడిపల్లిలో సంచి ఎత్తుకుని దిగిపోయింది.

తొమ్మిదీ పదికి మెదక్. ఆటోకు నలభై అడిగాడు, ముప్పైకి ఒప్పుకున్నాడు. ఖిల్లా గుట్ట కింద సందులో చిన్న రేకుల ఇల్లు. ఖాజాబీ గడపలోనే కూర్చుని బెల్లం దంచుతోంది. ఎనభైకి దగ్గర పడి ఉంటుంది. మూలన తడిగుడ్డ చుట్టిన షర్బత్ కుండ ఉంది. "కూసో బిడ్డా. లచ్చిమి ముక్కే వచ్చింది నీకు" అంది. నా ముక్కు తడుముకుంటూ ఆమె పక్కనే చతికిలబడ్డాను.

చాయ్ తాగాక ఫోన్లో రికార్డింగ్ పెట్టి, చిన్నమ్మా, మొత్తం పాడుండ్రి అన్నాను.

"మొత్తం నేనెట్ల పాడుత? నాది చెప్పే వరుస. అడిగే వరుస మీ అమ్మది."

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆడవాళ్ళు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడతారట. ఒక వరుస సకీనా అయి అడుగుతుంది, రెండో వరుస తల్లి అయి చెబుతుంది. ఒకరి వంతు ఇంకొకరు నోట పలకరు. అడిగే వరుసలో ఈ ఊళ్ళో మిగిలిన ఆఖరి మనిషి కూడా పోయినేడు చనిపోయిందట. ఇప్పుడు పీరీల కొట్టం దగ్గర స్పీకర్‌లో ఏవో పాటలు పెడుతున్నారట.

"జవాబులన్నీ నా నోట్లనే ఉన్నయి బిడ్డా. అడిగేటోళ్ళే లేరు."

నాది కాకి గొంతు, నా వల్ల కాదన్నాను. అయితే అన్నం తిని పొమ్మంది. అరగంట వాదించాను, ముసలామె ఇంచు కదలలేదు. చివరికి సరేనని, గొంతు తడుపుకుందామని సీసా మూత తీశాను. ఖాజాబీ చెయ్యి అడ్డం పెట్టింది. ఏడో రోజునే శత్రువులు హుస్సేన్ వాళ్ళకు ఏటి నీళ్ళు ఆపేశారట, పాట అయ్యేదాకా ఎవరూ గుటక వేయరాదట.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఏరు ఎంత దూరమే అమ్మా?

"మంజీర ఎదురుంగనే ఉన్నది బిడ్డా, గట్టు మీద పహరా ఉన్నది బిడ్డా."

మంజీర! ఎక్కడి కర్బలా పక్కన పారే ఫురాత్ నది, ఎక్కడి మన మెదక్ మంజీర! అరబ్బు దేశపు కథను ఈ బీడీల చాప మీది ఆడవాళ్ళు తమ ఎండ, తమ ఏరు, తమ చిన్నాయన పెట్టి ఇంటి కథ చేసుకున్నారు. తమ్ముడు ఏడుస్తుండే అమ్మా, పాలన్న లేవా అమ్మా అని అడిగాను. పాలెండిపోయినయి బిడ్డా అంది. అమ్మ ఆగినంతసేపే ఖాజాబీ పాడుతోంది. అమ్మ ఏదీ మరిచిపోలేదు. ఎదుటి వరుసకు జాగా వదిలేది, అంతే.

నాలుక పిడచ కట్టుకుపోతుండగా ఆఖరి ప్రశ్నకు వచ్చాను. నీళ్ళకని పోయిన చిన్నాయిన, ఎప్పుడొస్తడే అమ్మా?

ఖాజాబీ పాడలేదు. కళ్ళు తెరిచి చూస్తే కుండ దగ్గర వంగి ఉంది. గ్లాసు నిండా షర్బత్ ముంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. జవాబేది చిన్నమ్మా అన్నాను.

"గదే జవాబు. చిన్నాయిన రాలే, నీళ్ళు రాలే. ఆ బిడ్డకేమని చెప్తం? నోరు రాదు. అందుకని అడిగినోళ్ళకు చెప్పే వరుస నీళ్ళిస్తది. గాడికి పాట అయిపోయినట్టు. తాగు."

అమ్మ పాట ఆపేయలేదు. ప్రతి రాత్రీ పూర్తిగానే పాడింది. చివరి చరణం నా చేతికి గ్లాసులో ఇచ్చింది, నేనే తాగి పడుకున్నాను. గ్లాసు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఖాజాబీ కొంగుతో నా కళ్ళు తుడిచి, తన కళ్ళు కూడా తుడుచుకుంది.

మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు పెట్టింది. ఆదివారం పదో నాడు వచ్చి, కొట్టం ముందర అమ్మ జాగాలో నిలబడమంది. ఈసారి కాకి గొంతు మాట ఎత్తలేదు నేను. వస్తానని మాటిచ్చి, మూడూ నలభైకి తిరుగు బస్సు ఎక్కాను.

ఒక్క పాట చివర తెలుసుకుందామని వెళ్ళిన దాన్ని, ఒక వరుసను వెంట తెచ్చుకుంటున్నాను. దారి పొడవునా ప్రశ్నలన్నీ లోలోపల పాడుకుంటూనే ఉన్నాను. నర్సాపూర్‌లో బస్సు ఆగితే దిగి ఈసారి రెండు సీసాలు కొన్నాను. ఒకటి నాకు. రెండోది ఒళ్ళో పెట్టుకుని, పక్క సీట్లోకి ఎవరొస్తారా అని చూశాను. బాలానగర్ దాకా ఒక్కరూ అడగలేదు. దిగేటప్పుడు కండక్టర్ చేతిలో పెట్టాను. నాకెందుకమ్మా, ఎవరిదమ్మా ఇది, అని వంద ప్రశ్నలు వేశాడు.

"తాగుమన్న కదా" అని కసిరాను. అచ్చం మా అమ్మ గొంతే వచ్చింది.