గడప మీద ఎండ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు వెతికి చూడమని మాత్రం అనలేదు. అని ఉంటే ఎవరూ గుమ్మం దాటేవాళ్లు కాదేమో. మేము దాటాం. పాత క్యాంపర్ వ్యాన్, అందులో నేను, మా ఆయన, ఆరేళ్ల మా పాప, ఒక కుక్కర్, మంచం కింద సోనామసూరి బస్తా. న్యూజిలాండ్ మొత్తంలో ఏదో ఒక ఊళ్లో మాకూ ఒక ఇల్లు దొరక్కపోతుందా అని 2016 నవంబరులో ఆక్లండ్ శివారు పాపకూర నుంచి బయల్దేరాం.

పాపకూరలో మేమున్న ఫ్లాట్ నేను ఎంచిందే. ఇండియన్ షాపుకి నడిచి వెళ్లొచ్చు, వంటగది పెద్దది, అంతకంటే ఏం చూస్తాను? ఆ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపుగా నడుస్తాడనీ, దక్షిణానికి మొహం పెట్టిన గదుల్లోకి చలికాలమంతా ఎండ రాదనీ కొత్తగా వచ్చిన మాకు తెలియదు. మొదటి చలికాలంలోనే బీరువా వెనక గోడ నల్లబడింది. చెప్పులకు బూజు పట్టింది. పాప ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించేవి. ఒకరోజు క్లినిక్ నుంచి ఇన్‌హేలర్ పట్టుకుని బయటికి వస్తూ, కారు పార్కులో మా ఆయన అన్నారు, "నువ్వు ఎంచిన ఇల్లే కదా."

కోపంగా అనలేదు, అలసిపోయి అన్నారు. మళ్లీ ఎప్పుడూ అనలేదు కూడా. నాకు ఆ ఒక్కసారే చాలింది. ఇక మీదట ఇంటి విషయంలో నోరు మెదపనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. నాకు కోపమొస్తే అరవడం చేతకాదు, మాట్లాడటం మానేస్తాను. మా అమ్మ దాన్ని మొండితనం అనేది. నేను ఓర్పు అనుకునేదాన్ని.

ఆక్లండ్‌లో ఇల్లు కొనడం మా వల్ల అయ్యే పని కాదని తేలిపోయాక, మా ఆయన ఆఫీసు వాళ్లు ఎక్కడి నుంచైనా పని చేసుకోమన్నారు. నేను మనురేవాలో బట్టల షాపు ఉద్యోగం మానేశాను. ఫిబ్రవరిలో బళ్లు తెరిచేలోపు ఒక ఊరు ఖాయం చేసుకోవాలి, పాపను అక్కడి బళ్లో చేర్చాలి, అదీ మా లెక్క. పాపకు ఎండ తగిలే పొడి ఇల్లు కావాలి. మిగతావన్నీ ఎలా ఉన్నా సర్దుకుపోతామనుకున్నాం.

మొదటి వారం సరదాగానే గడిచింది. తర్వాత తెలిసొచ్చింది, వ్యాన్‌లో ఉండటమంటే రోజంతా సర్దడమే అని. పడుకునే మంచమే పొద్దున్నకి బల్ల అయ్యేది, తిన్న బల్లే రాత్రికి మంచం అయ్యేది. దువ్వెన కావాలంటే పప్పు డబ్బా తీయాలి, పప్పు డబ్బా తీయాలంటే పాపను దించాలి. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే పని మా ఆయన ఒక్క మాట అనకుండా చేసేవారు. నేను వంక పెట్టలేని విషయం ఆయనలో అదొక్కటి. రాత్రిళ్లు వ్యాన్లు ఆపుకునే హాలిడే పార్కుల్లో కుక్కర్ మూడో విజిల్‌కి పక్క వ్యాన్లలోంచి తలలు బయటికొచ్చేవి. ఒక పెద్దాయన ఏదైనా పేలుతుందా అని మర్యాదగా అడిగాడు. పప్పేనని చెప్పాను.

ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు మా పాపను ఎక్కడుంటావని అడిగేవాళ్లు. మొదట్లో పాపకూర అనేది. కొన్నాళ్లకు వ్యాన్ అంది. క్రిస్మస్ దగ్గర పడేసరికి, "నోవేర్ యెట్" అనడం మొదలుపెట్టింది. అన్నం కలుపుతూ విన్నాను.

ఇక మా ఆయన దిక్సూచి సంగతి. పాపకూర ఫ్లాట్ దెబ్బకి ఆయన క్యాంపింగ్ సామాన్ల షాపులో ఒక దిక్సూచి కొన్నారు. వాళ్ల ఇంట్లో వాస్తు పట్టింపు ఎలాగూ ఉంది. దక్షిణ ద్వారం వద్దని ఊరి నుంచి అత్తయ్యగారు, దక్షిణం వైపు ఎండ రాదని క్లినిక్‌లో డాక్టరు. ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి ఆయనకు కొండంత బలం వచ్చింది. ఏ ఇంటికి వెళ్లినా ముందు వ్యాన్‌ను గుమ్మానికి ఎదురుగా ఆపేవారు. దిగి, బోనెట్ చదునుగా ఉంటుందని దాని మీద దిక్సూచి పెట్టి, వంగి చూసేవారు. సౌత్ అని వస్తే లోపలికి కూడా రాకుండా తల అడ్డంగా ఊపేవారు. హామిల్టన్‌లో ఒకటి, టాపోలో రెండు అలాగే పోయాయి. నేను చూస్తూ ఊరుకున్నాను. ఎంచేది నేను కాదు కదా.

వాంగనూయి ఇల్లు డిసెంబరులో చూశాం. పాత చెక్క ఇల్లు, వెనక నిమ్మచెట్టు, వీధి చివర బడి. ఇల్లు అమ్ముతున్న ముసలావిడ ఒక్కతే ఉంది. మా ఆయన బయట బోనెట్ మీద వంగి ఉంటే, ఆవిడ నన్నూ పాపనూ గేటు లోపలికి పిలిచి టీ ఇచ్చింది. అక్కడి ఇళ్లకు మన గడపలుండవు, గుమ్మం ముందు చెక్క మెట్టు, అంతే. చెప్పులు విడిచి ఆ మెట్టు మీద కూర్చున్నాను. చెక్క వెచ్చగా ఉంది. ఎదురుగా ఎండ నేరుగా నా పాదాల మీద, మోకాళ్ల మీద పడుతోంది. అప్పుడు పొద్దున తొమ్మిది. పాప నా ఒళ్లో తల పెట్టుకుంది. దాని ఊపిరి చప్పుడు లేకుండా ఉంది.

మా ఆయన గేటు దగ్గరికి వచ్చి, "సౌతే. పోదాం పద," అన్నారు.

ఉదయం తొమ్మిదింటికి గుమ్మంలో ఎదురెండ పడితే ఆ గుమ్మం ఏ దిక్కుకి ఉంటుందో తెలియడానికి దిక్సూచి అక్కర్లేదు. నాకు తెలిసింది. కాళ్లకే తెలిసింది. నేను కప్పు ఆవిడ చేతికిచ్చి, చెప్పులు వేసుకుని, వ్యాన్ ఎక్కాను.

ఆ తర్వాత ఫెర్రీ మీద దక్షిణ దీవికి దాటాం. నెల్సన్, యాష్‌బర్టన్, ఇంకా పేర్లు కూడా గుర్తులేని ఊళ్లు. వ్యాన్‌లో తడి తువ్వాళ్ల వాసన, ఆవకాయ వాసన ఒకటైపోయాయి. మేం మాట్లాడుకునేది ఎక్కడ నీళ్లు పట్టాలి, ఎక్కడ ఆపాలి, అంతవరకే. ఎక్కడికక్కడ ఆగిపోయి ఇక కదలనని చెప్పాలనిపించేది. చెప్పేదాన్ని కాదు.

జనవరి చివర్లో టిమారులో, సముద్రం ఒడ్డున పార్కులో వ్యాన్ ఆపి భోంచేశాం. పాప దిక్సూచితో ఆడుకుంటోంది. గడ్డి మీద పెట్టి చూసింది. బోనెట్ మీద పెట్టింది. మళ్లీ గడ్డి మీద.

"డాడీ, ఇట్స్ మూవింగ్," అంది.

మా ఆయన వెళ్లి చూశారు. గడ్డి మీద ఒక దిక్కు చూపించే ముల్లు, బోనెట్ మీదికి రాగానే పావు చుట్టు తిరిగిపోతోంది. కింద ఇనుము, ఇంజను. ఇంజనీరింగ్ చదివిన మనిషికి అది మూడు నెలల పాటు తట్టలేదు. దిక్సూచి చేతిలో పట్టుకుని అలాగే గడ్డిలో చతికిలబడ్డారు.

"ఎన్ని ఇళ్లు వద్దన్నాన్రా బాబూ," అన్నారు తనలో తను.

ఇంతకంటే మంచి అవకాశం నాకు మళ్లీ రాదు. తప్పంతా ఆయనది. నేను నోరు మూసుకుంటే చాలు, జన్మంతా ఆయనదే. కానీ ఆ కూర్చున్న తీరు చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

"వాంగనూయి ఇంటి గుమ్మం తూర్పండీ," అన్నాను.

"ఇప్పుడేం చెప్పగలం? మళ్లీ వెళ్లి చూడాల్సిందే."

"నాకు ఆ రోజే తెలుసు. పొద్దున్నే ఎండ నా కాళ్ల మీద పడింది."

ఆయన తలెత్తారు. "మరి చెప్పలేదేం?"

"చెబితే అది నేను ఎంచిన ఇల్లయ్యేది. పాపకి మళ్లీ ఆయాసమొస్తే అదీ నా నెత్తినే పడేది."

మొదట ఆయనకు అర్థం కాలేదు. కాసేపటికి ఆ కారు పార్కు గుర్తొచ్చినట్టు మొహం మారింది.

"అదింకా పట్టుకునే ఉన్నావా?"

"ఉన్నాను."

ఫోన్ చేస్తే ఆ ఇల్లు అమ్ముడైపోయిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. ఇన్నేళ్లు ఈ సంగతి ఎవరికి చెప్పినా దిక్సూచి కథలాగే చెప్పి నవ్వించాను. పిల్ల ఊపిరి కంటే నా పంతాన్ని పెద్దది చేసుకున్నానన్న ముక్క మాత్రం మింగేసేదాన్ని. ఇప్పుడు రాస్తున్నాను.

బళ్లు తెరిచిన వారంలోనే టిమారులో ఒక ఇటుకల ఇల్లు చూశాం. మా ఆయన దిక్సూచి వ్యాన్‌లోనే వదిలేసి గేటు దగ్గర నిలబడ్డారు. "నువ్వు చూసి చెప్పు," అన్నారు. నేను కదల్లేదు. అప్పుడు ఆయనే ముందు నడిచారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లాం. పిల్ల పడుకోబోయే గదిలో గోడ మీద నేను అరచెయ్యి ఆనించాను, పక్కనే ఆయన కూడా ఆనించారు. పొడిగానే ఉంది. తీసుకున్నాం. పాప వారం ఆలస్యంగా బళ్లోకి వెళ్లింది.

జూన్‌లో చలి ముదిరింది. ఒక ఉదయం వంటింట్లో టీ పెడుతుంటే, పాప గదిలోంచి పిల్లికూతలు వినిపించాయి. చాలా చిన్నగా, కానీ అవే. వెనక మా ఆయన అడుగుల చప్పుడు వినబడింది. నేను వెనక్కి తిరగలేదు. పొయ్యి వైపు చూస్తూ ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"దాని మంచం మన గదిలోకి మారుద్దాం," అన్నారు ఆయన. "పొద్దున ఎండ అక్కడే ఎక్కువసేపు ఉంటోంది. రా, నువ్వు ఆ పక్క పట్టుకో."

పొయ్యి ఆర్పేసి వెళ్లి ఆ పక్క పట్టుకున్నాను.