ఫోన్ పెట్టెయ్యొద్దు

గోదావరిఖని కాలనీలో రాహేలు పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. నల్లా దగ్గర బిందె నింపుతున్నా, ఆరేసిన బట్టల మీద బొగ్గుదుమ్ము దులుపుతున్నా స్పానిష్ మాటలు వల్లిస్తుంది. ఓడలో వెల్డింగు పనికి పోయిన భర్త జాన్ ప్రసాద్ మెట్ల మీంచి పడి, చిలీ దేశంలో ఒక రేవు పట్టణపు దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఈమె ఫోన్ చేస్తే, మాట అర్థంకాక అక్కడి నర్సు పెట్టేస్తోంది. అందుకే సెల్లులో వీడియోలు చూసి "పెరో" అంటే కానీ, "ఎంతోన్సెస్" అంటే అయితే అని, మాటకు మాట అతికించేవన్నీ నేర్చుకుంటోంది.

"ఓడ ఏజెంటు చెప్తడు గదక్కా?" అంది పక్కింటి యమున.

"చూస్తున్నం అంటడు గని, బతుకుతడా అంటే చెప్తలేడే."

ఆ ఉదయం నర్సు ఫోన్ ఎత్తింది. "పోర్ ఫావోర్, నో కుయెల్గె!" పెట్టెయ్యొద్దని బతిమాలింది రాహేలు. నర్సు గబగబా ఏదో చెప్పింది. అందులో "పెరో" ఒక్కటే అందింది. ఆ "కానీ" తర్వాత ఏమిటి? రాహేలు నేర్చినవన్నీ మరిచి "ఎంతోన్సెస్? ఎంతోన్సెస్?" అంటూ ఏడ్చేసింది. నర్సు మాట ఆపింది. ఆమె నడుస్తున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఆ తర్వాత బరువైన ఊపిరి వినిపించాయి. ఫోన్ జాన్ చెవి దగ్గర పెట్టినట్టుంది.

"ఏమయ్యా, ఇంటున్నవా? నేను, రాహేల్ను. లెవ్వయ్యా."

ఆమె గడపలో కూలబడి, నల్లా నీళ్లు రాని సంగతి, బొగ్గుగనిలో రాళ్లు పేల్చిన అదురుకు కిటికీ అద్దం పగిలిన సంగతి, నోటికొచ్చిందల్లా మన మాటల్లోనే చెప్పుకుంటూ పోయింది.