పులులకు మిగిలిన అడుగులు

భిలాయి సెక్టర్ 4 క్వార్టర్ వెనక వరండాలో, ఆదివారం మధ్యాహ్నాలు, నాన్న సుద్దముక్కతో పులి-మేక గళ్లు గీసేవారు. మూడు కంకరరాళ్లు ఆయన పులులు. పదిహేను చింతగింజలు నా మేకలు. కూలర్ హోరులో సగం నిద్రలోనే ఆడేదాన్ని. అయినా పులులు కదలకుండా కట్టేసి ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. ఇప్పుడు తలుచుకున్నా ఆ మగత కమ్మేస్తుంది.

తొంభైల్లో కంప్యూటర్ కోర్సులో ప్రాజెక్టుగా ఆ ఆటనే ఎంచుకున్నాను. మేకలు కంప్యూటర్‌వి. ఆ ప్రాజెక్టు ఉన్న పేపరు అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే సీటు పోతుంది. పరీక్షకు ముందు ఓడించి చూసుకోవడానికి తేలికైన మనిషి కావాలి. మా ఇంట్లోనే ఉన్నారు కదా అని నాన్నను ల్యాబ్‌కి లాక్కెళ్లాను. నా పొగరు అలాంటిది.

మూడు ఆటలూ ఆయనే గెలిచారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇది ఏటి సూసి ఆడతందమ్మా?" అన్నారు.

"ఎన్ని మేకలు బతికున్నాయో చూసి."

"అదొగ్గీ. పులికి ఎన్ని అడుగులు మిగిలినాయో అందాజు కట్టమను."

నాన్నది ఉక్కు ప్లాంటు రైలు యార్డులో షంటింగ్ పని. వ్యాగన్లను అటూ ఇటూ తోసి వరస కలపడం.

"యార్డులో మేమూ అంతే. సివరిదాకా ఎవుడికి కనిపిత్తాది? ఇంకెన్నిసార్లు తొయ్యాలో అందాజు కట్టి, తక్కువ తేలిన దారి పడతాం. అక్కడ అడ్డొచ్చీవోడుండడు, ఇక్కడుంటాడు."

చిక్కు విప్పడం, ఆట ఆడడం అని నేను రెండు వేరు పాఠాలుగా బట్టీ పట్టినదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది.

"మరి నా దగ్గర ఎప్పుడూ ఓడిపోయీవోడివి కదా, నాన్నా?"

"నీకే దారి తోస్తాదో సూసి, అది నీకొగ్గీసీవోణ్ణి. ఈ డబ్బా నాకేటవుద్దని వొగ్గాల?"

నేను తెరవైపు తిరిగి ప్రోగ్రాంలో ఆ లెక్క మారుస్తూ కూర్చున్నాను. అంతసేపూ ఆయన కిటికీలోంచి పొగగొట్టాల మీద ఎర్రబడుతున్న ఆకాశం చూస్తూ ఉన్నారు.

అంచనా మార్చాక ప్రోగ్రాం ఆయన పులుల్ని కట్టేసింది. ఈసారి తాను కావాలని దారి వొగ్గలేదని ఒట్టు కూడా వేశారు.

పరీక్షకు వచ్చిన సారు, చిక్కు విప్పడానికీ ఆట ఆడడానికీ సంబంధమేమిటని అడిగారు. రెండింట్లోనూ చివరిదాకా చూడలేక అంచనాతోనే దారి వెతుకుతామని, కాకపోతే ఆటలో ఎదుటి మనిషి మనకు అన్నిటికంటే చెడ్డ ఎత్తే వేస్తాడనుకోవాలని చెప్పాను.

"ఎప్పుడూ అంతేనా?"

నాన్న సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే అక్కడే ఏడ్చేస్తానని భయమేసింది. "అంతే సార్" అన్నాను. అలా అబద్ధమాడి పాసయ్యాను.