నీలం టోపీ రాజనర్సయ్య

మైత్రీవనం వెనక గల్లీలో, గోడ కనబడకుండా బోర్డులు వేలాడే ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరుకు రాజనర్సయ్య వాచ్‌మన్. సైన్యంలో హవల్దారుగా చేసి దిగినవాడు. అందులో ఒక ఏడాది ఐక్యరాజ్యసమితి నీలం టోపీ పెట్టుకుని ఆఫ్రికాలో శాంతిని కాపాడి వచ్చాడు. కాపాడాడో లేదో ఆయన్నే అడగాలి. ఇడ్లీ బండి మగ్దలీనమ్మ తప్ప ఎవరూ అడగలేదు.

ఆమె బండి పదకొండేళ్లుగా ఆ గేటు పక్కనే ఉంటోంది. 2003 మార్చి నెలాఖరున ఒక పొద్దున, ఇడ్లీలు కట్టబోతున్న పేపర్లో బాగ్దాద్ మంటలు చూసి ఆగిపోయింది.

"అన్నా, నువ్వు చేసొచ్చినోనివి గదా. గంత పెద్ద సమితి ఒక్క యుద్ధం ఆపలేదేంది?"

"మాకు హుకుం ఇయ్యాలంటే పైన అయిదు దేశాలు సరే అనాలె చెల్లె. అండ్ల ఒక్కటి వద్దన్నా మా తుపాకి లేవది. గిప్పుడు కొట్టెటోడే ఆ అయిదుట్ల ఒకడు. ఇంగెవడాపుతడు?"

ఆ తర్వాత ఇంట్లో భార్యకు కూడా చెప్పని సంగతి చెప్పాడు. అక్కడ క్యాంపుకు రోజూ నీళ్లకోసం ఒకామె వచ్చేది. బిందె నిండేలోపు దుబాసీ చేత ఒకటే అడిగించేది, మీరున్నారు కదా అని. ఉన్నామనేవాడు. ఒక మధ్యాహ్నం పొరుగుదేశం సైన్యం సరిహద్దు దాటి ఆమె ఊరి మీద పడింది. చూడండి, రాయండి, కలగజేసుకోకండి అని పైనుంచి ఆర్డరు. రాజనర్సయ్య బురుజు మీద కూర్చుని ఎన్ని లారీలు, ఎన్ని గంటలకు వచ్చాయో గుండ్రటి అక్షరాలతో రాశాడు. మర్నాడు ఆమె నీళ్లకు రాలేదు. ఆ సిగ్గు ఆయన్ని తొమ్మిదేళ్లుగా తింటూనే ఉంది. పరీక్షకు వెళ్తూ భయపడ్డ కూతురికి కూడా నేనున్నానని చెప్పలేకపోయాడు.

వారం తిరక్కుండానే సెంటరు యజమాని రాఘవయ్యకు జనరేటరు పెట్టడానికి జాగా కావలసి వచ్చింది. ఆయన దృష్టి బండి మీద పడింది. ట్రాలీ ఆటోలో ఇద్దరు మనుషులు దిగారు. మగ్దలీనమ్మ బండిని రెండు చేతులా పట్టుకుని, "అన్నా, నువ్వున్నవ్ గదా?" అంది.

"నర్సయ్యా, నీకెందుకు? నువ్వు కుర్చీలో కూర్చో," అన్నాడు రాఘవయ్య మెట్ల మీంచి, ఎంతో నెమ్మదిగా. "ఎన్ని గంటలకు తీశారో రిజిస్టర్లో రాయి చాలు."

రాజనర్సయ్య రిజిస్టరు తెరిచాడు. తొమ్మిదీ పది అని రాశాడు. అవే గుండ్రటి అక్షరాలు. వాటిని చూడగానే చెయ్యి ఆగిపోయింది. వాచ్‌మన్ టోపీ, అదీ నీలమే, తీసి రిజిస్టరు మీద పెట్టాడు. వెళ్లి బండి చక్రానికి అడ్డంగా కూర్చున్నాడు.

"ఏంటయ్యా ఇది? జీతమిచ్చేది నేను! రేపట్నుంచి పనిలోకి రావక్కర్లేదు!"

"రాను సార్. రేపు ఉత్తగనే వస్త, గీడ కూసోనీకి."

ఆటో మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజనర్సయ్య మగ్దలీనమ్మ వైపు తిరిగాడు.

"ఉన్న చెల్లె," అన్నాడు.