ఖాసింబీ చేలో అక్షింతల పురుగు పిల్లలు

నల్ల తామర పురుగు మిరప తోటల్ని తినేసిన మరుసటి ఏడాది, ఆగస్టు నెలలో నన్ను బెల్లంకొండ మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. అప్పటికి నా సర్వీసు రెండేళ్లే మిగిలింది. మండల వ్యవసాయాధికారి అంటే వినడానికి పెద్ద హోదాయే గానీ, పైన సహాయ సంచాలకుల ఫోనుకీ కింద రైతు కోపానికీ మధ్య నలిగే ఉద్యోగం అది.

నాకు అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది మిరపలో పొలంబడి. వారానికొకసారి ఒక రైతు చేలోనే పాఠం పెడతాం. పంటను తినే శత్రు పురుగులెన్ని, వాటిని తినే మిత్ర పురుగులెన్ని అని రైతులే మొక్క మొక్కా చూసి లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా అన్నది తేల్చాలి. శత్రు పురుగులు రెండుంటే మిత్ర పురుగు ఒకటి ఉన్నా మందు జోలికి పోవద్దన్నది మా లెక్క. చెప్పడానికి తేలికే. కిందటేడు కళ్లముందే పూత మొత్తం రాలిపోగా చూసిన మనిషికి ఆ మాట చెప్పాలంటే మాత్రం నోరు రాదు.

మొదటి పాఠానికి వచ్చినవాళ్లలో ఖాసింబీ ఒకతె. ఆమే, భర్త మస్తాన్‌వలీ రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. మస్తాన్‌వలీ ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల చేలకు మందు కొట్టే కూలి. చేతులు వణకడం మొదలై, రెండుసార్లు చేలోనే కళ్లు తిరిగి పడిపోతే, ఇక మందు వాసన కూడా తగలకూడదని నరసరావుపేటలో డాక్టరు చెప్పారట. ఆమె లేచి నిలబడి అడిగింది.

“మేడం, మందు లేకుండా మిరప పండుద్దా? పండదంటే ఇప్పుడే చెప్పండి. కౌలు వదిలేసి కూలికి పోతాం. ఆయన్నైతే మందుకి పోనియ్యను.”

“తగ్గించవచ్చు” అన్నాను. పండుతుందని అనలేదు. ముప్ఫై ఏళ్ల ప్రభుత్వోద్యోగం నాలుకకు నేర్పే విద్య అదే. అయినా ఆమె తన చేనునే పాఠానికి ఇచ్చింది.

పక్క చేల నుంచి ఎగిరొచ్చే పురుగుకు అడ్డుగా చుట్టూ మూడు వరుసలు జొన్న వేయించాం. వేపగింజలు దంచి, నానబెట్టి కషాయం తీసే పని ఖాసింబీది. తామర పురుగు నీలి రంగుకు ఆశపడి వస్తుంది కాబట్టి అది వాలి అంటుకుపోయేలా నీలం అట్టలకు ఆముదం పూసి కర్రలకు కట్టాం. ఆముదం ఎండకు ఆరిపోతుంది. వారం వారం తుడిచి మళ్లీ పూయాలి. ఆ పని మస్తాన్‌వలీ తీసుకున్నాడు. వణికే చేతులతో ఒక్కో అట్టకు చాలాసేపు పట్టేది. ఎవరైనా సాయం వస్తే వద్దనేవాడు. ఒంటికి చేటు చెయ్యని పని చానా రోజులకు దొరికిందని నాతో అన్నాడు. నాకు ఆ మనిషంటే అప్పుడే ఇష్టం కలిగింది.

నవంబరు చివర ఒక పొద్దున్నే అతని ఫోను వచ్చింది. “మేడం, ఖాసింబీ ట్యాంకు కట్టుకుంది. నా మాట వినట్లా. మీరు రావాల.”

స్కూటీ మీద వెళ్లేసరికి ఖాసింబీ తన భర్తదే పొడుగు చేతుల చొక్కా ఒకటి తొడుక్కుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వీపున మందు ట్యాంకుతో గట్టు మీద నిలబడి ఉంది. మస్తాన్‌వలీ నాలుగు అడుగుల దూరంలో కూర్చున్నాడు. ట్యాంకు మూత అతని పిడికిట్లో ఉంది. మూత లేకుండా అడుగు వేస్తే మందు ఒలికి ఆమె ఒంటి మీదే పడుతుంది కాబట్టి ఆమె కదలడం లేదు. అతను ఇవ్వడం లేదు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో తెలియదు.

“ముందు ట్యాంకు దించు” అన్నాను.

“చేలో కొత్త పురుగు పడింది మేడం. పోయినేడూ తెలవని పురుగే కదా వచ్చింది. ఆయన కొట్టకూడదు. నేను కొడతా. నాకు చేతులు బానే ఉన్నాయిగా.”

చేలోకి దిగి చూశాను. లేత చిగుళ్లకు రసం పీల్చే పేనుబంక పట్టింది. దాని మధ్య నల్లగా, ఒళ్లంతా ముళ్లతో, నారింజ మచ్చలతో చిన్న పురుగులు పాకుతున్నాయి. అవి అక్షింతల పురుగు పిల్లలు. పెద్దయితే ఎర్రగా గుండ్రంగా నల్లచుక్కలతో ముద్దొస్తుంది గానీ, పిల్లగా ఉన్నప్పుడు దాన్ని చూస్తే ఎవరికైనా భయమే. పేనుబంకను తిని పంటను కాపాడేది అదే.

తప్పు ఆమెది కాదు. మిత్ర పురుగుల పాఠం చెప్పిన రోజు వాన మొదలైంది. చార్టులో ఎర్ర పురుగు బొమ్మ చూపించి, దీన్ని చంపొద్దని చెప్పి ముగించేశాను. దాని పిల్ల బొమ్మ వెనక పేజీలో ఉంది. ఆ పేజీ తిప్పలేదు. రిజిస్టరులో మాత్రం పాఠం పూర్తయిందని సంతకం పెట్టాను. ఆ సంగతి అక్కడే ఇద్దరికీ చెప్పాను. సిగ్గేసింది, అయినా చెప్పాను.

ఖాసింబీ నమ్మలేదు. పోయినేడూ మీ ఆఫీసువాళ్లు ఏం కాదనే చెప్పారంది. నిజమే. ఈ ఒక్కరోజు ఆగమనీ, రేపు అవసరమైతే నేనే కొట్టమంటాననీ బతిమాలాను. పేనుబంక పట్టిన చిగురొకటి తుంచి గాజు సీసాలో పెట్టి, ఒక పిల్లపురుగును వదిలి, మూతికి గుడ్డ కట్టాను. ఆమె ట్యాంకు దించి, సీసా ముందు పెట్టుకుని జొన్న నీడన కూర్చుంది.

కాసేపటికి, “తింటోంది” అంది. ఇంకాసేపటికి, “ఏందయ్యా, ఇది ఆపట్లా” అని భర్తను పిలిచి చూపించింది. అతను దగ్గరికొచ్చి కూర్చుని, మూత జేబులో వేసుకున్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి సీసాలో ఒట్టి చిగురు మిగిలింది. చేలో పేనుబంక నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

ఆ పంటకు అసలు మందే కొట్టలేదని చెబితే అబద్ధం. జనవరిలో తామర పురుగు ఎక్కువై లెక్క దాటింది. ఒకసారి కొట్టక తప్పదని నేనే రాసిచ్చాను. పక్క ఊరి నుంచి కూలి మనిషిని పిలిపించారు. ఖాసింబీ అతన్ని వెంటనే చేలోకి దిగనివ్వలేదు. ముందు అన్నం తిన్నావా అని అడిగి, తినలేదంటే పెట్టింది. చేతులకు తొడుగులు వేయించి, గాలి ఎటు వీస్తోందో చూపించింది. అతను పని ముగించి సబ్బుతో కడుక్కునేదాకా గట్టు మీదే ఉంది. నన్నూ ఉండమంది.

“మా ఆయన బయటపడ్డాడు సరే మేడం. ఈ అన్నకీ ఇంటికాడ పెళ్లాం ఉంటదిగా” అంది.

ఆ నెల నివేదికలో ఆ చేనుకు మందు వాడకం బాగా తగ్గిందని రాశాను. అది నిజమే. అయితే ఉద్యోగమంతా నేను తగ్గిన లీటర్లనే చూశాను. మిగిలిన ఆ కాస్త మందును ఎవరు వీపున మోస్తున్నారని నేను ఎవర్నీ అడగలేదు. ఖాసింబీ అడిగింది. ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి పొలంబడిలో మందు కొట్టే కూలీలను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాను.