కత్తెరతో కోసిన రెండు టాబ్లెట్లు

మందుకు లొంగని రోగపు పురుగుల్ని పెంచింది ఎవరో కాదు. జలుబుకీ ఒళ్ళునొప్పులకీ యాంటీబయాటిక్ అడిగి మింగిన మనం, అడగ్గానే తీసిచ్చిన మందుల షాపువాళ్ళు. ఈ మాట నాది కాదు. గుంటూరు వైపు ముప్ఫై ఏళ్ళు మందుల షాపు నడిపి, తప్పు చేసినవాళ్ళలో తన పేరే ముందు చెప్పుకున్న మనిషిది. కెనడాలోని సార్నియాలో మా బేస్‌మెంట్‌కి పై ఇంట్లో ఉండే అంకుల్‌ది. పోయిన బుధవారం మధ్యాహ్నం ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మొదట పెట్టిన మందుకి అది లొంగలేదు.

ఆయన కూతురు, మేం అక్కా అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసేసరికి నేను కాఫీ షాపు కిటికీ దగ్గర ఆర్డర్లు తీసుకుంటున్నా. ఏప్రన్‌తోనే వెళ్ళా. కారిడార్‌లో నిలబడి అరిచా. "పనిచేసే మందేదో మొదటి రోజే పెట్టొచ్చుగా?" అక్క నా మోచెయ్యి పట్టుకుని, "అరవకు. వాళ్ళు చెయ్యాల్సింది చేశారు. నాన్నుంటే నిన్నే తిట్టేవారు," అంది. నిజమే, తిట్టేవారు.

రెండేళ్ళ కిందట నేను కాలేజీలో చేరడానికొచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ప్రయాణం ఎలా జరిగిందని కాదు. "సూట్‌కేసులో మందుల సంచి ఉంటుందిగా, పట్రా," అన్నారు. మన పిల్లలందరి సూట్‌కేసుల్లోనూ ఉంటుంది కదా. పచ్చడి సీసాలకీ ప్రెషర్ కుక్కర్‌కీ మధ్య ఇరికించి అమ్మ పెట్టిన సంచి. డైనింగ్ టేబుల్ మీద పేకముక్కల్లా స్ట్రిప్పులు పరిచారు. జ్వరానివి, గ్యాస్‌వి ఒక పక్కకి. యాంటీబయాటిక్‌లు ఇంకో పక్కకి.

"ఇదెందుకు?"

"జలుబుకి అంకుల్. మా ఊర్లో డాక్టర్ సాబ్ గిదే ఇస్తడు."

"జలుబు వైరస్ అమ్మాయ్. దానికీ దీనికీ చుట్టరికమే లేదు. జలుబుని ఇది ఏమీ చెయ్యదు, నీ కడుపులో ఉండే మంచి క్రిముల్ని చంపుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. ఇక్కడ చిత్రమేంటంటే, ఆ ఎలుక కూడా చావదు."

నాకు చిర్రెత్తింది. మా అమ్మ పెట్టిన సంచి మీద ఈయన పెత్తనమేంటి? ఒక స్ట్రిప్పు మాత్రం ఆయనకి కనపడకుండా ప్యాంటు జేబులోకి తోసేశా.

ఆ స్ట్రిప్పు తర్వాతి చలికాలంలో బయటికొచ్చింది. కాఫీ షాపులో షిఫ్టు మధ్యలో బాత్‌రూమ్‌కి పోనిచ్చేవాళ్ళు కాదు. అందుకని నీళ్ళే తాగేదాన్ని కాదు. మంట మొదలైంది. రెండు రోజులు ఆ టాబ్లెట్లు వేసుకున్నా, కాస్త తగ్గింది, మానేశా. నాలుగో రోజుకి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. మెట్ల మీద కూర్చుని ఉంటే అంకుల్ చూశారు. తల దించుకున్నా.

"మంటా?" అన్నారు, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా. "మందుల షాపులో సిగ్గుపడితే జబ్బు నవ్వుతుంది తల్లీ. జ్వరం ఉందా? నడుం పక్కన నొప్పా? ఏమన్నా మింగావా?"

చెప్పా. కారు తాళాలు తీశారు.

క్లినిక్‌కి వెళ్ళే దారిలో ఊరి చివర కెమికల్ ప్లాంట్ల పొగగొట్టాల మీద మంటలు చూస్తూ చెప్పారు. "షాపులో నా చేతిలో ఎప్పుడూ కత్తెర ఉండేది. కూలికెళ్ళేవాళ్ళు రెండు బిళ్ళలు చాలంటే స్ట్రిప్పు కోసి రెండే ఇచ్చేవాణ్ణి. డాక్టరు చీటీ ఏదని అడగలేదు, ఏం జబ్బో అడగలేదు. పత్తి రైతుకి తెలుసు, తెలిసీ తెలియకుండా మందు కొడితే పురుగు మొండికెక్కుతుందని. రోజూ వాళ్ళకి టాబ్లెట్లు అమ్మిన నాకు తట్టలేదు. ఎంతమందిలో పెంచానో అలాంటి పురుగుల్ని."

డాక్టర్ దగ్గర సంచి మందు సంగతి నాచేతే చెప్పించారు. యూరిన్ శాంపిల్ ఇచ్చాకే కొత్త మందు మొదలుపెట్టించారు. పురుగు ఏ మందుకి లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్ట్ వస్తే తేలింది, నేను మింగినదానికి నా పురుగు లొంగదని. ఐదు రోజుల వేరే మందుతో పోయింది. నేనిక ఊరుకుంటానా? కార్మిక హక్కుల కరపత్రాలు నాలుగు చదివి ఉన్నా. బాత్‌రూమ్ బ్రేక్ మీద మేనేజర్‌కి మూడు పేజీల ఉత్తరం రాసి ఆయనకి చూపించా. శ్రద్ధగా చదివారు. "పోరాడు. ముందు నీళ్ళు తాగు," అన్నారు. చెంబెడు నీళ్ళు తాగేదాకా పక్కనే నిలబడ్డారు.

నా రూమ్‌మేట్‌కి గొంతు నొప్పొస్తే, డాక్టర్ గొంతులో దూది పుల్ల పెట్టి, తీసిన శాంపిల్ పరీక్షకి పంపి, మందు రాయకుండా తిప్పి పంపింది. నేను ఇంటికొచ్చి ఊగిపోయా. బయటి దేశం పిల్లలంటే లెక్కలేదన్నా. అంకుల్ నవ్వారు. "ఆ పరీక్షలో పురుగు కనపడితే ఫోన్ చేసి మరీ మందిస్తారు. కనపడకపోతే ఇవ్వకపోవడమే వైద్యం. నా షాపులో అదొక్కటే దొరికేది కాదు." మూడో రోజుకి ఉప్పునీళ్ళతోనే దాని గొంతు బాగుపడింది. ఆయనకి సారీ చెప్పలేదు నేను. చెప్పి ఉండాల్సింది.

ఈ చలికాలం ఊరెళ్ళొచ్చారు. ఆ మొండి పురుగు అక్కడ అంటిందో ఇక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రిలో చేరిన మూడో రోజు తన కల్చర్ రిపోర్ట్ నన్ను చదివి వినిపించమన్నారు. ఎడమ పక్కన మందుల పేర్లు, వాటి ఎదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే లొంగదని. కిందెక్కడో ఒక్క ఎస్. ఎస్ అంటే లొంగుతుందని.

"క్లాసంతా ఫెయిలా?" అన్నారు ఆయాసపడుతూ. "ఒక్కడన్నా పాసయ్యాడుగా. వాణ్ణి పంపమను."

పంపారు. అప్పటికే కిడ్నీలు చేతులెత్తేశాయి. కోపం ఎవరి మీద చూపించను? ఆయన షాపు మీదా? చీటీ లేకుండా కొన్న మా అమ్మ మీదా? రెండు రోజులు మింగి మానేసిన నా మీదా? నిన్న నా ప్యాంటు జేబు తిరగేస్తే ఆ స్ట్రిప్పు ఇంకా ఉంది. ఆరు టాబ్లెట్లు. పారేయాలని తోచనే లేదు నాకు.

సార్నియాలో చదువుకుంటున్న మన పిల్లలందరికీ చెబుతున్నా. ఈ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి అంకుల్ గరాజ్ దగ్గరికి రండి. పూలు వద్దు. మీ మందుల సంచులు తెండి. యాంటీబయాటిక్‌లన్నీ ఏరి ఫార్మసీకి అప్పజెబుదాం, వాళ్ళే తీసుకుని సరిగ్గా పారేస్తారు. బస్సు లేనివాళ్ళని అక్క కారులో తీసుకొస్తుంది. ఊరికే కాలవలో పారబోయకండి, సింక్‌లో వదలకండి, అదీ ఆయన మాటే.

గరాజ్ గోడకి మేకు మీద ఒక పాత కత్తెర వేలాడుతుంటుంది. షాపు మూసేసినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది అదొక్కటే. ఎండాకాలంలో టమాటా మొక్కలకి కట్టే తాడు తప్ప ఇంకేమీ కోసేవారు కాదు దాంతో. చివర ఇంకా కొంచెం పచ్చటి తాడు పోగు అంటుకునుంది. దాన్ని ఎవరూ తీయొద్దు. మూడింటికి రండి.