వెలుతురు రాని పరదా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో నాది పరదాలు కుట్టే కొట్టు. చదివింది నాలుగో తరగతి. గుడ్డ జానెడు కూడా వృథా పోనివ్వను, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను.

ఒక మధ్యాహ్నం శ్రీనివాస్ అని, ఎల్బీనగర్‌లో ఫోన్లు బాగుచేసే అతను వచ్చాడు. వెలుతురు చుక్క కూడా రాని పరదా కావాలన్నాడు. దానికి బ్లాకౌట్ లైనింగ్ వేస్తాం, అంటే పరదా వెనక కుట్టే మందపాటి నల్లగుడ్డ. ఒక పొర చాలు, డబ్బు దండగ అన్నాను. వినలేదు, రెండు పొరలు వేయమన్నాడు. భార్య పద్మకు నోట్లో క్యాన్సర్ అని అప్పుడు చెప్పాడు.

వైద్యం కొత్తదట, ఇంకా పరీక్షల్లోనే ఉందట. మందును కంటికి కనపడని రేణువుల్లో పెట్టి నరంలోకి ఎక్కిస్తారు. నానో పార్టికల్స్ అంటారట. అవి మందును గడ్డ దాకా మోసుకుపోతాయి. ఆ తర్వాత నోట్లోకి ఎర్రలైటు వేస్తే, వెలుగు తగిలిన చోట మందు పనిచేసి గడ్డను చంపుతుంది. కానీ మందు కొంత ఒంట్లో మిగులుతుంది. అది పోయేదాకా ఎండ తగిలితే చర్మం కాలుతుంది. వెలుతురుతో జాగ్రత్త అని దవాఖానలో చెప్పి పంపారు.

పరదా తగిలించడానికి నేనే వెళ్లాను. కిటికీకి అప్పటికే దుప్పట్లు కట్టి ఉన్నాయి. గదిలో బల్బు కూడా తీసేశాడు. కడ్డీ బిగించడానికి దీపం అడిగితే, ఫోన్ లైటు నేలవైపు తిప్పి పట్టుకున్నాడు. మూలనుంచి ముద్దముద్దగా ఒక గొంతు వచ్చింది.

"చూసినవా పెద్దమ్మా, కోడిపిల్లను గంప కింద కమ్మినట్టు కమ్మిండు నన్ను."

నవ్వబోయాను. గడప అవతల వాళ్ల బిడ్డ నిలబడి ఉంది, ఏడేళ్లు ఉంటాయి.

"లోపల ఉన్నది మా అమ్మేనా?" అని నన్ను అడిగింది.

దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచి పిల్ల చీకటికి భయపడి లోపలికి రావడం లేదని పద్మ చెప్పింది. జడ ఎవరు వేస్తున్నారో కూడా తెలియదంది. ఆ మాట మెల్లగానే అంది.

నేను స్టూల్ దిగి శ్రీనివాస్ వైపు తిరిగాను.

"దవాఖానకు ఫోన్ చెయ్. దీపం గూడ వద్దన్నరా, అడుగు."

"అడిగితే తిడ్తరు పెద్దమ్మా."

"తిట్టనియ్."

ఫోన్ ఎత్తిన నర్సమ్మ తిట్టలేదు. ఎండ వద్దు, గట్టి లైట్లు వద్దు, కానీ గదిలో మామూలు వెలుతురు ఉండాలి అంది. చర్మంలో మిగిలిన మందు ఆ కాస్త వెలుతురుకే మెల్లగా విరిగిపోతుందట. పూర్తిగా చీకట్లో ఉంచితే అది అలాగే నిలిచిపోతుందట. శ్రీనివాస్ ఫోన్ లైటు నా చేతుల వైపు తిప్పి పట్టుకున్నాడు.

నల్లగుడ్డ రెండు పొరలూ అక్కడే బ్లేడుతో విప్పాను. పై గుడ్డ ఒక్కటే వేలాడదీసి, వెనక దుప్పట్లు తీస్తే గదిలో మసక వెలుగు పరుచుకుంది. పిల్ల గడప దాటింది. అమ్మ వాచిన చెంపను చాలాసేపు చూసింది. "దువ్వెన తే" అంది పద్మ. ఆ మసకలో పాపిడి వంకర పోయింది. పిల్ల కదలకుండా కూర్చుంది.

నోట్లో గడ్డ తగ్గిందనే చెప్పారు. కానీ జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎర్రలైటు చేరని చోట ఆ మందు ఏం చేస్తుంది? ఆ వానాకాలంలోనే పద్మ పోయింది.

చెప్పడానికి శ్రీనివాస్ కొట్టుకు వచ్చాడు.

"నేనే చీకట్ల ఉంచిన పెద్దమ్మా. బిడ్డను చూసే దినాలు నేనే గుంజుకున్న."

ఓదార్చడం నాకు చేతకాదు. బతికించుకోవాలనే చేసినవని మాత్రం అన్నాను. అతనికి అది సరిపోలేదు. ఎవరికీ సరిపోదు.

ఇప్పుడు పరదా కావాలని ఎవరు వచ్చినా, ఆ గదిలో ఉండేది ఎవరు, వాళ్లను చూడటానికి వచ్చేది ఎవరు అని ముందు అడుగుతాను. తర్వాతే కొలత టేపు తీస్తాను. ముసలిదానికి ఎందుకీ ఆరాలు అని కొందరు పక్క కొట్టుకు పోతారు. పోనీ.